మూడో మేకు

హెడ్‌ఫోన్ పెట్టుకోగానే వనజకు మొదట వినిపించేది ముంబై హైవే. నేల లోపల హైవేకి హారన్లుండవు. లోడు లారీ పోతే ఎవరో పక్కగదిలో బీరువా జరిపినట్టుంటుంది. దాని వెనక, పక్క ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్సు. దాని వెనక బోరు మోటారు రొద. ఒక్కొక్కదాన్నీ పక్కకు నెట్టుకుంటూ పోతే అట్టడుగున మిగిలేది మామ సంగప్ప.

"తవ్వుతున్నడు సార్," అంది. "గడ్డపార గాదు, చేతిపార."

ఇంజనీరు పవన్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు. తెర మీద పచ్చగీత ఒకే తీరుగా వణుకుతూ పోతోంది. పక్కన పెట్టిన ఎర్రలైటు వెలగలేదు.

"నాకేం రావట్లేదే!"

"ఇప్పుడు ఆపిండు. తట్టకెత్తుతుండు."

పవన్ ఫోన్ తీసి, షెడ్డు వెనక ఖాళీజాగాలో గుంత మీద తాడు పట్టుకుని కూర్చున్న శ్రీశైలానికి చేశాడు. స్పీకర్లో శ్రీశైలం నవ్వాడు. "అవు సారూ, తట్ట నింపుతుండు. మీకెట్ల కనవడ్డది? బాయిల కెమెరా వెట్టిన్రా ఏంది?"

ఆ జాగాలో నాలుగడుగులకొకటి చొప్పున ఆరు మేకులు వరసగా పాతి ఉన్నాయి. ప్రతి మేకు కిందా మోకాలి లోతున ఒక సెన్సర్. గుప్పిట్లో పట్టే ఇత్తడి డబ్బా, లోపల అయస్కాంతం, దాని చుట్టూ స్ప్రింగు మీద ఊగే సన్నని రాగితీగ చుట్ట. నేల కొంచెం అదిరినా ఆ చుట్ట కదులుతుంది, కదలిక వైరులోంచి చెవికి చేరుతుంది. షెడ్డులో ఆడవాళ్ళు వాటిని బుడ్లు అంటారు. తీగ చుట్టేది ప్రేమలత వాళ్ళు. చుట్టినవాటిని చెవికి పెట్టుకుని మంచివీ చెడ్డవీ ఏరేది వనజ. సరిహద్దులో కంచె కింద నుంచి అవతలివాళ్ళు సొరంగం తవ్వుకొస్తుంటే ముందే పసిగట్టడానికి సైన్యానికి ఇవి కావాలట. కొనేముందు కళ్ళెదుట నిరూపించమన్నారు. అందుకని ఒక చివర ఎనిమిదడుగుల గుంత తీసి, దాని అడుగు నుంచి మేకుల వరస కిందుగా సొరంగం కొట్టే మనిషి కావలసివచ్చాడు. బావులు తవ్వినవాళ్ళెవరైనా ఉన్నారా అని మేనేజరు అడిగితే, మా మామ ఉన్నడు సార్ అని చెప్పింది వనజే.

మేనేజరు బాపిరాజు భోజనాల వేళకు వచ్చాడు. "ఏమయ్యా పవన్, పలికిందా?"

"లారీకి పలుకుతోందండి. లారీని వినొద్దంటే ఇంక దేన్నీ వినట్లేదు. రెండు నెలలు టైమిస్తే..."

"గురువారం మేజరు దిగుతున్నాడు. రెండు నెలలంట!" బాపిరాజు వనజ వైపు తిరిగాడు. "పొద్దుట్నుంచీ ఈవిడ ఎన్నిసార్లు చెప్పింది?"

"పద్నాలుగండి."

"తప్పులు?"

"లేవండి," అన్నాడు పవన్, నేల చూస్తూ.

అప్పుడే సంగప్ప గుమ్మం బయట నిలబడ్డాడు. వంటి నిండా ఎర్రమట్టి, కనురెప్పల మీద కూడా. చెప్పుల్లేని కాళ్ళతో టైల్సు మీదికి రావడానికి సంకోచించి అక్కణ్ణుంచే అన్నాడు. "సారూ, మీదికి చెక్కలు గావాలె. రెండో మేకు దాటినంక మొరంల నల్లరేగడి చారలొస్తున్నయ్. గది నీళ్లు తాగుతది, నమ్మరాదు."

"ట్రయల్ అవనీ సంగప్పా. ఇప్పుడు చెక్కలు కొడితే ఆ చప్పుళ్ళు వేరే కలుస్తాయి."

సంగప్ప రెప్పల మీది మట్టి తుడుచుకున్నాడు. "సరే తియ్. నా గోడ నాకు జెప్తది."

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఒక్కో తట్ట మట్టి నింపి పంపాక అతను గడ్డపార వెనక కొసతో పక్క గోడని రెండుసార్లు, పైకప్పుని రెండుసార్లు తడతాడు. గట్టిగా ఉంటే ఆ మోత చేతి ఎముకలోకి తిరిగొస్తుంది. బొద్దుగా పలికితే ఆ పూటకి పైకొచ్చేస్తాడు, ఎవరు అరిచినా సరే. నలభై ఏళ్ళుగా తట్టకుండా ముందుకు చెయ్యి పెట్టలేదు. హెడ్‌ఫోన్లో వనజకు అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది అదే. రెండు, కొంచెం ఆగి, రెండు.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి షెడ్డు వెనకాల స్టోరుగదిలోకి కొత్త వైరు లాగాడు. దాని కొసకి కాలింగ్ బెల్లుకి పెట్టే తెల్ల స్విచ్ బిగించాడు.

"నువ్వు వినగానే నొక్కు," అన్నాడు బాపిరాజు. "అక్కడ లైటు వెలుగుతుంది, సైరన్ మోగుతుంది. అంతే."

"మిషన్ ఇన్నదనుకుంటరు గద సార్."

"రెండు నెలల్లో మిషనే వింటుందమ్మా. అందాకా నీ చెవులు అరువిచ్చావనుకో. ఏడేళ్ళయింది కదా నువ్వు చేరి? పదకొండు నెలలకోసారి ఇంటికి పంపించి మళ్ళీ కొత్తగా చేరినట్టు రాయడం నాకు మాత్రం బావుంటుందా? ఇది గట్టెక్కితే పర్మనెంట్ లిస్టులో మొదటి పేరు నీదే. ఇంట్లో కూడా చెప్పకు. మీ మామకి అసలు చెప్పకు."

వనజ ఆ స్విచ్‌ని ఒకసారి నొక్కి చూసింది. షెడ్డు అవతల సైరన్ కూసింది. ఎవరో ఉలిక్కిపడి తిట్టారు.

*

గురువారం షామియానా వేశారు. మేజరు ముందు బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్, ఎర్రలైటు. వనజ స్టోరుగదిలో పాత అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుంది. గదికి కిటికీ లేదు. ముందున్న డబ్బాకి ఆరు అంకెల మర. ఏ అంకెకి తిప్పితే ఆ మేకు కింది బుడ్డి పలుకుతుంది.

మేజరు తేలిగ్గా నమ్మే మనిషిలా లేడు. ఒకసారి ఇద్దరు జవాన్లను మేకుల పక్కన దూకమన్నాడు. ఒకసారి జీపును వెనక్కీ ముందుకూ నడిపించాడు. వనజ నొక్కలేదు. సంగప్ప తవ్విన నాలుగుసార్లూ నొక్కింది. నాలుగోసారి గడ్డపార చప్పుడు కూడా లేదు, ఏదో గీరుతున్న చిన్న గరగర మాత్రమే. అదేమిటో తేల్చుకోలేకపోతుంటే, రెండు, కొంచెం ఆగి, రెండు. వెంటనే నొక్కింది. బయట మేజరు 'బహుత్ అచ్ఛా' అనడం తలుపు పలకల సందులోంచి వినిపించింది. తనని కాదు. అయినా వనజ చెంపలు వేడెక్కాయి.

ఆ సాయంత్రం పటేల్‌గూడలో వాన పట్టుకుంది. రేకుల మీద మోత. అత్త శివమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. సంగప్ప గోడకానుకుని కూర్చుని, చాలా రోజుల తర్వాత, ఆగకుండా మాట్లాడుతున్నాడు.

"పెద్దసారు నా పక్కకే గొంతుక్కూసున్నడు. చాచా, దుష్మన్ గిట్ల ధనధన తవ్వడు గద, రేపు దొంగలెక్క తవ్వు, ఆవాజ్ రావద్దు అన్నడు. నేనన్న, సార్, మీరు ఇన్నంక ఊకె కూసుంటె సాలదు, ఎదురు బాయి దియ్యాలె. ఆడొచ్చే తొవ్వల మనమే ముందుగాల ఉండాలె అని. గాయన నా మొకం జూసి, మేం గదే జేస్తం చాచా, నీకెవలు జెప్పిన్రు అన్నడు. ఎవలు జెప్తరు? రెండు బాయిలు పక్కపక్కన తవ్వినోనికి గంత దెల్వదా?"

"గాయనకు జెప్పుడు గాదు, మీది మట్టి మీద వడకుంట జూస్కో," అంది శివమ్మ. "వాన జూడు ఎట్ల గొడ్తుందో. పర్మనెంట్ ఏమన్న నీకిస్తరా, ముసలోడా?"

"మిషన్‌కు దొరకకుంట మూడో మేకు దాటితే ఉస్తాద్ అంటనన్నడు నన్ను. నాకు గది సాలు." రొట్టె తుంచబోయి ఆగాడు. "గని వనజా, ఆఖరుసారి గడ్డి దీసే కుర్పితోని గీకిన. పిల్లి నడిచినట్టు గీకిన. అయినా గా మిషన్ మొత్తుకున్నది. ఎట్ల దొరికిన బిడ్డా?"

చెప్పకూడదు. వనజకు తెలుసు. కానీ పొద్దుట్నుంచి నాలుగుకి నాలుగు పట్టుకుంది, ఆ సంగతి చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు. ఒక్క ముక్క చెబితే ఏమైంది అనిపించింది.

"గోడ తడ్తవ్ గద మామా. గీకుడు దొరకలే. తట్టుడు దొరికింది."

సంగప్ప నమలడం ఆపాడు. "ఓహో," అన్నాడు. తర్వాత నవ్వాడు, పుల్లకూర గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. "బుడ్డిది తెలివైందే!"

వనజ కూడా నవ్వింది. రేపు ఇంకా మెల్లగా తడతాడు కాబోలు, చెవి జాగ్రత్తగా పెట్టుకోవాలి అనుకుంది.

*

శుక్రవారం పదింటికి మొదలైంది. పన్నెండు లోపల సంగప్ప ఎప్పుడైనా తవ్వవచ్చు. ఒక్కసారి సైరన్ మోగి అది నిజమైతే మిషన్ గెలిచినట్టు. ఉత్తినే మోగితే ఓడినట్టు.

"నిక్కచ్చిగా తెలిస్తేనే నొక్కు," అన్నాడు బాపిరాజు, స్టోరుగది తలుపు వేస్తూ. "ఒక్క తప్పు, అంతే సంగతులు. నీకూ నాకూ."

పదకొండు వరకూ లారీలు. ప్రెస్సు. వాన నీరు ఎక్కడో ఇంకుతున్న చిన్నచిన్న బుడగలు. వనజ మర తిప్పుతూ పోయింది. ఒకటి, రెండు, మూడు, మళ్ళీ రెండు. మూడు దగ్గర ఏదో ఉన్నట్టనిపించి ఆపింది. అడుగంటిన గిన్నెని పక్కింట్లో ఎవరో గోటితో గీరుతున్నట్టు. లారీ వచ్చి దాన్ని మింగేసింది. లారీ పోయాక మళ్ళీ ఉంది. ఉన్నట్టే ఉంది.

స్విచ్ మీద వేలు పెట్టి, నొక్కకుండా కూర్చుంది. తట్ట నిండాలి. నిండాక తడతాడు. ఎంత మెల్లగా తట్టినా తనకి తెలుస్తుంది.

గీరుడు ఆగింది. సంచి ఈడ్చిన జారుడు చప్పుడు. తట్ట బదులు గోనెసంచి పెట్టుకున్నాడన్నమాట. మట్టి వెనక్కి పోయింది. ఇప్పుడు తడతాడు.

తట్టలేదు.

మళ్ళీ గీరుడు. మళ్ళీ సంచి. వనజ హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో చెవులకు నొక్కిపట్టింది. ఇప్పుడు.

తట్టలేదు.

రాత్రి నమలడం ఆపి ఓహో అన్న ముఖం ఆమె కళ్ళముందుకొచ్చింది. అతను మెల్లగా తట్టడం లేదు. తట్టడమే మానేశాడు. నల్లరేగడి చారల కింద, రాత్రంతా వాన తాగిన మట్టి కింద, గోడనేమీ అడక్కుండా పోతున్నాడు.

వేలు స్విచ్‌ని నొక్కుతుండగానే హెడ్‌ఫోన్లో చాటలో సజ్జలు జారినట్టు వినిపించింది. వెంటనే బియ్యం బస్తా దింపినట్టు ఒక్క చప్పుడు. పెద్దదేం కాదు. తర్వాత మూడో మేకు కింద ఏమీ లేదు, హైవే తప్ప.

బయట సైరన్ కూసింది. చప్పట్లు వినబడ్డాయి.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ. మళ్ళీ. సైరన్ ఆగుతూ కూస్తూ ఉంది. "చూశారా సార్, వదలకుండా పట్టుకుంటోంది," అంటున్నాడు బాపిరాజు. ఎవరో నవ్వారు. వనజకు అప్పుడర్థమైంది, ఆ స్విచ్‌కి ఆ ఒక్క మాటే వచ్చునని.

హెడ్‌ఫోన్ లాగి పడేసి తలుపు తోసుకుని పరిగెత్తింది. "మామ మీద మట్టి వడ్డది! మూడో మేకు కాడ! తియ్యుండ్రి!"

శ్రీశైలం గుంత గట్టు మీద బీడీ వెలిగించుకుంటున్నాడు. సైరన్ మోగింది కదా, ఆట అయిపోయిందనుకున్నాడు. వనజ అరుపు విని గుంతలోకి చూసి, తాడు పట్టుకుని జారాడు. జవాన్లు బూట్లతోనే దూకారు. మేజరు వాళ్ళ చేత షామియానా గుంజలు పీకించి లోపలికి అందించాడు. చెక్కలుగా నిలబెట్టడానికి అవే దొరికాయి. వనజ గట్టు మీద బోర్లా పడుకుని, పైకి వచ్చిన మట్టిని రెండు చేతులతో అవతలికి నెడుతూ ఉంది. పవన్ కూడా మోకాళ్ళ మీద కూర్చుని నెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది.

సంగప్ప ముఖం మీద మట్టి పడలేదు. నడుము నుంచి కిందికి పడింది. పైకి తీసేటప్పుడు అరవలేదు గానీ, స్ట్రెచర్ మీద పడుకోబెట్టేటప్పుడు అరిచాడు. తుంటి దగ్గర కాలు ఉండవలసినట్టు లేదు.

అంబులెన్సు తలుపు దగ్గర మేజరు వనజని ఆపాడు. ఆయన చేతిలో రిపోర్టు కాగితాలున్నాయి. తలనుంచి మట్టి దులుపుకోలేదు. హిందీలో, కోపం లేకుండా అడిగాడు. సైరన్ తవ్వుతున్నారని చెప్పింది. మట్టి పడిందని చెప్పలేదు. మూడో మేకని అసలే చెప్పలేదు. ఆ గదిలోంచి వచ్చారు మీరు. మీకెవరు చెప్పారు?

బాపిరాజు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా క్యాంటీన్ అమ్మాయి సార్. స్టోరులో చాయ్ సామాను తీసుకోడానికి వెళ్ళింది. మామగారు కదా, భయపడి అరిచింది." అదే గుక్కలో, తెలుగులో, గొంతు తగ్గించి అన్నాడు. "ఆస్పత్రి అంతా కంపెనీ చూసుకుంటుంది వనజా. అవునని ఒక్క మాట అను. లేదంటే ఏదీ నా చేతిలో ఉండదు."

అంబులెన్సు లోపల శ్రీశైలం సంగప్ప తల పట్టుకుని ఉన్నాడు. సంగప్ప పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"ఆప్ క్యాంటీన్ మే హై?" అన్నాడు మేజరు.

"జీ," అంది వనజ. "చాయ్."

మేజరు చూపు ఆమె ముఖం మీద నుంచి పక్కకు జరిగి, చెవుల దగ్గర ఆగింది. పదింటి నుంచీ హెడ్‌ఫోన్ నొక్కిన గుండ్రటి ఎర్ర చారలు ఇంకా పోలేదు. ఆయన వాటిని చూశాడు. చూశాడని వనజకు తెలిసింది. ఆయనేమైనా అంటాడని, అనాలని నిలబడింది. ఆయన కాగితాలు మోకాలి మీద పెట్టుకుని, పెన్ను జాడించి, సంతకం చేశాడు.

*

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. బాపిరాజు తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించి ఇచ్చాడు. పర్మనెంట్. పేరు సరిగానే ఉంది. పేరు కింద ఉద్యోగం, క్యాంటీన్ అసిస్టెంట్.

"సార్, నేను టెస్టింగుల..."

"మేజరు గారు నెలనెలా తనిఖీకి వస్తారమ్మా. నిన్ను బెంచీ దగ్గర హెడ్‌ఫోన్‌తో చూస్తే ఏమంటాను? క్యాంటీన్ అమ్మాయివన్నాం కదా. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నా, లిస్టులో మొదటి పేరు నీదే." కాస్త ఆగి, "ఇంక బుడ్లు చెవులతో చూడక్కర్లేదు. కొత్త మీటరు తెప్పించాం," అన్నాడు.

మొదటి రోజు ఆమె ట్రే పట్టుకుని పవన్ గదికి వెళ్ళింది. అతను కప్పు తీసుకోకుండా ల్యాప్‌టాప్ మూత సగం దించాడు.

"ఇంటుందా సార్ ఇప్పుడు?"

"లారీలకి మోగడం ఆగిపోయిందండీ." ఎప్పుడూ ఆమెని 'అండీ' అనలేదు.

"నిజంగ తవ్వితే?"

పవన్ కప్పు తీసుకున్నాడు. "చాయ్ బావుంది," అన్నాడు, తాగకుండానే.

షెడ్డు ముందు లారీకి పెట్టెలు ఎక్కుతున్నాయి. ప్రేమలత ఒక్కో పెట్టె మీద చీటీ అంటిస్తూ, "ఏంది పర్మనెంటమ్మా, మాకు చాయ్ లేదా?" అని అరిచింది. వనజ వెళ్ళి ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి సంగప్ప చుట్టూ ఇద్దరు ఇరుగుపొరుగు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. అతని తుంటిలో రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం దిగకూడదు. ఆ తర్వాత నడిచినా గుంతలోకి దిగేది లేదని డాక్టరు అన్నాడు. సంగప్ప చేతులు గాలిలో కుర్పి పట్టి గీరుతున్నాయి.

"గిట్ల. గింతే సప్పుడు. మట్టికి సుత దెల్వలే. గోడ తట్టలే, దగ్గలే, ఊపిరి సుత మెల్లగ ఇడిసిన. అయినా పట్టేసింది! మట్టి వడకముందే మొత్తుకున్నదట. లేకుంటె నేను ఆడనే ఉందును. ఏం మిషన్ రా అది! నా కోడలు పనిజేసే కంపెనీదే."

వాళ్ళు వనజ వైపు గౌరవంగా చూశారు. శివమ్మ లేచి లోపలికి నడిచింది. ఆమె దగ్గర వనజ ఏమీ దాచలేదు. ఆస్పత్రి వరండాలోనే అంతా చెప్పింది, గోడ తట్టుడు సంగతితో సహా. అప్పటినుంచి శివమ్మ కోడలితో పనిమాటలు తప్ప మాట్లాడడం లేదు.

వచ్చినవాళ్ళు వెళ్ళాక వనజ గిన్నెలో నీళ్ళు తెచ్చి, గుడ్డ తడిపి, మామ వీపు తుడవడానికి అతన్ని పక్కకు తిప్పింది. నెమ్మదిగా, రాడ్డు వైపు బరువు పడకుండా.

"ఎన్ని పంపిన్రు బిడ్డా ఇయ్యాల?"

"నలభై పెట్టెలు."

"మంచిగైంది." అతను గోడ వైపు ముఖం పెట్టి, హాయిగా ఊపిరి వదిలాడు. "పాపం, ఆడ కంచె కాడ పోరగాండ్లు. ఇగ నిమ్మళంగ పండుకుంటరు."

వనజ గుడ్డ పిండి, మళ్ళీ ముంచింది.

"పండుకుంటరు మామా," అంది.